ప్రిమిటివో కొనేముందు: మందూరియానా, జోయా దెల్ కొల్లేనా?

ఒకే అరలో మూడు ఎర్ర వైన్ సీసాలు పక్కపక్కన ఉంటాయి. మూడింటి మీదా ప్రిమిటివో అనే రాసి ఉంటుంది, మూడూ ఇటలీలోని పుల్యా ప్రాంతం నుంచే వస్తాయి. ఒకదాని మీద అదనంగా ‘మందూరియా’ అని, రెండోదాని మీద ‘జోయా దెల్ కొల్లే’ అని, మూడోదాని మీద ‘సలెంతో’ అని కనిపిస్తుంది. ఇంటికి తీసుకెళ్లి బిరడా లాగితే మాత్రం మూడూ ఒకే ద్రాక్ష అంటే నమ్మబుద్ధి కాదు. ఒకటి బాగా మాగిన అల్లనేరేడు పళ్లలో బెల్లం కలిపినట్టు చిక్కగా ఉంటుంది. ఇంకోటి వగరుగా, మిరియపు ఘాటుతో, నోరు శుభ్రంగా కడిగినట్టు ఉంటుంది. మూడోది మెత్తగా, కాస్త తియ్యగా, తొందరగా అయిపోయేదిగా ఉంటుంది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. భోజనంతో తాగడానికైతే జోయా దెల్ కొల్లే. భోజనమయ్యాక చలి సాయంత్రం ఒక్క గ్లాసు మెల్లగా తాగడానికైతే మందూరియా. పదిమంది వచ్చే విందుకు, ముఖ్యంగా వైన్ అలవాటు లేనివాళ్లు ఎక్కువగా ఉంటే, సలెంతో. అసలు మీ వంట గుంటూరు కారంతో ఉంటుందంటే ఈ మూడింటినీ పక్కన పెట్టి, కింద చెప్పబోయే నాలుగో సీసా చూడండి. ఆల్కహాల్ శాతం ఎక్కువుందనో, సీసా బరువుగా ఉందనో మాత్రం దేన్నీ ఎంచుకోవద్దు. పుల్యా విషయంలో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ రెండింటి దగ్గరే.

తొందరపడే ద్రాక్ష

పుల్యా అంటే ఇటలీ బూటుకు మడమ. ఒకవైపు ఏడ్రియాటిక్ సముద్రం, ఇంకోవైపు అయోనియన్ సముద్రం, మధ్యలో ఎర్రమట్టి, దాని కింద సున్నపురాయి, పైన ఏడాదిలో అధికభాగం మబ్బులేని ఎండ. ఈ ఎండలో అన్ని ద్రాక్షలూ పండుతాయి. కానీ ప్రిమిటివో అందరికంటే ముందు పండుతుంది, పేరుకు అర్థం కూడా అదే. 18వ శతాబ్దం చివర్లో జోయా దెల్ కొల్లే ఊళ్లో ఫ్రాంచెస్కో ఫిలిప్పో ఇందెల్లికాతి అనే చర్చి పెద్ద, కలగాపులగంగా ఉన్న తోటలో ఒక రకం తీగ మిగతావాటికంటే ముందే పక్వానికి రావడం గమనించి, దాన్ని విడిగా నాటి ‘ప్రిమతీవో’ అన్నాడని చెబుతారు. ముందు పండేది అన్నమాట.

ముందు పండడం మంచిదే కదా అనిపిస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఇది చక్కెరను చాలా వేగంగా కూడబెట్టుకుంటుంది. వైన్‌లో ఒక శాతం ఆల్కహాల్ రావాలంటే రసంలో లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర పులియాలి. అంటే 14.5 శాతం వైన్‌కు రసంలో దాదాపు 245 గ్రాములు చాలు. పల్లపు తోటల్లో ఆగస్టు చివరి వారం వేడికి, నాలుగు రోజులు కోత ఆలస్యమైతే ఆ లెక్క 270 దాటడం పెద్ద విషయం కాదు. అప్పుడు రెండే దారులు. మొత్తం చక్కెర పులిస్తే 16 శాతం వైన్ వస్తుంది, గొంతు మండుతుంది. లేదా ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఈస్ట్ నీరసించి మధ్యలోనే ఆగిపోతుంది, చక్కెర మిగిలిపోతుంది. తీపి ప్రిమిటివోలు కొన్ని కావాలని అలా చేసినవి, కొన్ని అలా ఆగిపోయినవి. ఈస్ట్ కష్టపడిన చోట ఇంకో చిక్కు కూడా వస్తుంది: వినెగర్ వాసన, అది ముదిరితే నెయిల్ పాలిష్ వాసన. గ్లాసు ఊపగానే ఆ వాసన ముక్కుకు గుచ్చితే అది ‘ప్రాంతపు రుచి’ కాదు, లోపం.

దీని తొక్క పలుచన, గుత్తి ఒత్తుగా ఉంటుంది. కోతవేళ వాన పడితే గింజలు పగిలి కుళ్లు పాకుతుంది. ఎండ మరీ ఎక్కువైతే అదే గుత్తిలో కొన్ని గింజలు తీగ మీదే ఎండుద్రాక్షలైపోతాయి. వసంతంలో మంచు కురిసినా, పూత సమయంలో చలిగాలి కొట్టినా పిందె సరిగా పట్టదు. ఇన్ని వంకలున్నా రైతులు దీన్ని వదలకపోవడానికి ఒక కారణం రెండో కాపు. పక్క కొమ్మల మీద చిన్న చిన్న గుత్తులు వేస్తుంది, అక్కడివాళ్లు వాటిని ‘రచేమి’ అంటారు. మొదటి కోత అయిన ఇరవై రోజులకు ఇవి కోతకొస్తాయి. వీటిలో పులుపు ఎక్కువ. మొదటి కాపు మరీ తియ్యగా, చప్పగా వచ్చిన ఏడు దీన్ని కొంచెం కలిపి సరిచేసేవాళ్లున్నారు. పప్పులో చివర్న నిమ్మకాయ పిండినట్టు.

పుల్యా వైన్‌కు ఇంకా పూర్తిగా వదలని పాత చెడ్డపేరు ఒకటుంది. దశాబ్దాల పాటు ఇక్కడి ముదురు ఎరుపు వైన్‌ను ట్యాంకుల్లో ఉత్తర ఇటలీకి, ఫ్రాన్స్‌కు పంపేవారు. అక్కడి పలచటి వైన్‌లకు రంగు, బలం ఇవ్వడానికన్నమాట. సీసా మీద పుల్యా పేరు ఉండేది కాదు. కాబట్టి ‘మందూరియా’, ‘జోయా’ అన్న పేర్లు లేబుల్ మీద గట్టిగా కనిపించడం ఈ మధ్యకాలపు సంగతే. ఆ రెండు పేర్ల మధ్య తేడా చూద్దాం.

మందూరియా: సముద్రం ఒడ్డున

మన చెవికి పేరులోనే మందు వినిపిస్తుంది. తారంతో జిల్లాలోని ఊరు ఇది. అయోనియన్ తీరానికి పది, పన్నెండు కిలోమీటర్ల దూరం, ఎత్తు వంద మీటర్ల లోపు. తోటలు ఊరు దాటి తీరపు ఇసుక దాకా ఉంటాయి. 1881లో అల్తమురా నుంచి వచ్చిన ఒక జమీందారీ పెళ్లికూతురు సారెతో పాటు ప్రిమిటివో కొమ్మలు తెచ్చిందని, అలా ఈ ద్రాక్ష కొండల నుంచి తీరానికి దిగిందని ఇక్కడ చెప్పుకుంటారు.

డీఓసీ, అంటే ఫలానా ప్రాంతంలో ఫలానా నిబంధనలతో చేసిన వైన్ అని ఇటలీ ఇచ్చే గుర్తింపు, 1974లో వచ్చింది. నిబంధన ప్రకారం కనీసం 85 శాతం ప్రిమిటివో ఉండాలి, ఆల్కహాల్ కనీసం 13.5 శాతం. బజారులో దొరికేవి ఎక్కువగా 14 నుంచి 15 మధ్య. మిగిలే చక్కెర లీటరుకు 18 గ్రాముల దాకా ఉండొచ్చు, కాబట్టి ‘డీఓసీ కదా, తీపి ఉండదులే’ అనుకోవడానికి లేదు. పది గ్రాములు దాటినవి మామూలే. పూర్తిగా పులియబెట్టినవీ ఉన్నాయి, వాటిని వెతుక్కోవాలి.

రుచి ఎలా ఉంటుందంటే: ముదురు ఊదా రంగు, ఎండిన అంజీర్, ఖర్జూరం, అల్లనేరేడు, కొంచెం పొగాకు, కొంచెం కోకో. వగరు చాలా మెత్తగా ఉంటుంది. పులుపు తక్కువ. అందుకే మొదటి గుక్క అద్భుతంగా, మూడో గ్లాసు బరువుగా అనిపిస్తుంది. మంచి మందూరియాకు గుర్తు ఆ తీపి పండ్ల చివర్న కొంచెం ఉప్పదనం, కొంచెం చేదు ఉండడం. అవి రెండూ లేకపోతే జామ్ డబ్బా తెరిచినట్టే.

ఇక్కడ పాత పద్ధతి తోటల్ని ‘అల్బెరెల్లో’ అంటారు. పందిరి లేదు, తీగలు పాకించే వైరు లేదు, ప్రతి మొక్కా మోకాలెత్తున చిన్న చెట్టులా నిలబడుతుంది. కొమ్మలు తక్కువ, గుత్తులు తక్కువ, ఆకులు తమ నీడ తామే గుత్తికి ఇచ్చుకుంటాయి. యంత్రంతో కోయడం కుదరదు, వంగి చేత్తో కోయాలి. కూలీ ఖర్చు భరించలేక చాలా తోటలు పీకేశారు. లేబుల్ మీద అల్బెరెల్లో అని ఉంటే దానికి విలువుంది. కానీ ‘పాత తీగలు’ అన్న మాటకు యూరప్ చట్టంలో నిర్వచనం లేదు. ఇరవై ఏళ్ల తోటకూ రాసుకోవచ్చు, ఎనభై ఏళ్ల తోటకూ రాసుకోవచ్చు. తోట ఎప్పుడు నాటారో ఏడాదితో సహా చెప్పే ఉత్పత్తిదారుని నమ్మండి, విశేషణాన్ని కాదు.

రిసెర్వా అని ఉంటే 14 శాతం కనీసం, విడుదలకు ముందు 24 నెలల నిల్వ, అందులో 9 నెలలు చెక్క పీపాలో. ఎక్కువ డబ్బు పెట్టి రిసెర్వా కొనడం ఎప్పుడూ లాభమేనా అంటే, ప్రిమిటివో విషయంలో మేం అవునని చెప్పలేం. మెత్తటి వైన్‌కు కొత్త ఓక్ పీపా తోడైతే వెనీలా, కొబ్బరి వాసనలు మీదకొచ్చి పండు కనబడకుండా పోతుంది. మామూలు మందూరియా నచ్చి, దానికంటే గాఢంగా కావాలనుకున్నవాళ్లే అటు వెళ్లాలి.

దోల్చె నతురాలే అనేది పూర్తిగా వేరే సరుకు. పుల్యాలో డీఓసీజీ స్థాయి, అంటే డీఓసీకి పై మెట్టు, 2011లో దీనికి వచ్చింది. నూటికి నూరు ప్రిమిటివో, లీటరుకు కనీసం 50 గ్రాముల చక్కెర, బయటి నుంచి స్పిరిట్ ఏమీ కలపరు. ఇది డెజర్ట్ వైన్. లేబుల్ సరిగా చూడక భోజనంలోకి కొనేవాళ్లు ఉన్నారు. ‘దోల్చె’ అన్న మాట కనిపిస్తే తీపి అని గుర్తుంచుకుంటే చాలు.

జోయా దెల్ కొల్లే: ఎత్తు మీద

బారి, తారంతో నగరాలకు దాదాపు మధ్యలో, మూర్జె అనే సున్నపురాతి పీఠభూమి మీద ఉంది జోయా. ఊరి ఎత్తు సుమారు 360 మీటర్లు. వినడానికి పెద్ద ఎత్తేమీ కాదు, మన అరకు లోయ దీనికి రెండింతలకు పైనే. కానీ ఈ తొందరపడే ద్రాక్షకు ఆ మాత్రం కళ్లెం సరిపోతుంది. పగలు ఎండ మందూరియాలో లాగానే కాస్తుంది. రాత్రి మాత్రం చల్లబడుతుంది. చల్లటి రాత్రుల్లో ద్రాక్ష తనలోని పులుపును ఖర్చు పెట్టుకోదు. చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది, ఆ వ్యవధిలో తొక్క, గింజ కూడా పక్వానికి వస్తాయి. కోత తీరంకంటే రెండు మూడు వారాలు వెనక.

నేల కూడా వేరు. పైన పలుచటి ఎర్రమట్టి, అడుగు తవ్వితే రాయి. వేర్లు పగుళ్లలోంచి దిగాలి. దిగుబడి తక్కువ.

డీఓసీ 1987లో వచ్చింది. ‘ప్రిమిటివో’ అని రాయాలంటే నూటికి నూరు ప్రిమిటివోనే ఉండాలి, మందూరియాలోని 85 శాతపు వెసులుబాటు ఇక్కడ లేదు. ఆల్కహాల్ కనీసం 13, రిసెర్వాకు 14. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి: జోయా అంటే ‘తేలిక’ అనుకోవద్దు. 14.5, 15 శాతాలు ఇక్కడా మామూలే. తేడా శాతంలో లేదు, దాన్ని మోసే పులుపులో, వగరులో ఉంది. చెర్రీ, దానిమ్మ, నల్లమిరియం, రాతి మీద వాన పడినప్పటి వాసన లాంటిది, చివర్న బాదం తొక్క చేదు. నోట్లో నీళ్లూరిస్తుంది, కాబట్టి ఇంకో ముద్ద తినాలనిపిస్తుంది. భోజనపు వైన్‌కు మేం పెట్టుకునే పరీక్ష అదొక్కటే.

దీని లోపాలు కూడా చెప్పుకోవాలి. చిన్నప్పుడు, అంటే మొదటి రెండేళ్లలో, బిర్రుగా ఉంటుంది. మందూరియా తాగి అలవాటైనవాళ్లు దీన్ని ‘పుల్లగా ఉంది’ అని పక్కన పెట్టేస్తారు. ఉత్పత్తిదారులు తక్కువ, కాబట్టి సీసాలూ తక్కువే కనిపిస్తాయి. కొంతమంది ఇప్పటికీ పాత తరహా పీపాల్లో చేస్తారు, శుభ్రత తగ్గితే గుర్రపుశాల వాసన వస్తుంది. కొంచెమైతే కొందరికి ఇష్టమే, ఎక్కువైతే మాత్రం తాగలేం.

ఎన్నాళ్లు దాచొచ్చు అన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే తేలుతుంది. పులుపు, వగరు ఉన్న వైన్ నిలవుంటుంది. మంచి జోయా రిసెర్వా కోసిన ఏడాది నుంచి పదేళ్ల వరకు హాయిగా ఉంటుంది. మందూరియా మూడు నుంచి ఆరేళ్లలో తాగేయాలి. సలెంతో ఐజీటీ (డీఓసీకి కింది మెట్టు) అయితే కొన్న ఏడాదే.

సలెంతో, అప్పస్సిమెంతో, బరువు సీసాలు

సలెంతో అంటే మడమ చివరి భాగం మొత్తం. ‘సలెంతో ఐజీటీ’ లేదా ‘పుల్యా ఐజీటీ’ అని రాస్తే నిబంధనలు సడలుతాయి, దిగుబడి పరిమితి పెరుగుతుంది, ఆ ప్రాంతంలో ఎక్కడి తోటల పండునైనా కలపొచ్చు. సూపర్ మార్కెట్ ప్రిమిటివోల్లో అధికభాగం ఇదే. తక్కువ ధరకు తగిన వైన్ దొరుకుతుంది, దాంతో తగువు లేదు. తగువల్లా ‘అప్పస్సిమెంతో’ అని బంగారు అక్షరాలతో, కిలో దాటిన ఖాళీ సీసాలో, మైనపు ముద్రతో వచ్చేవాటితోనే. పండును తీగ మీదో, కోశాకో కొంత ఎండబెట్టి చేశారని ఆ మాటకు అర్థం. పుల్యాలో అది చాలావరకు తీపికి మర్యాదైన పేరుగా మారిపోయింది. బరువు సీసా అనేది గాజు ఖర్చు. ఆ ఖర్చు మీరిచ్చే డబ్బులోంచే పోతుంది, వైన్‌లోకి కాదు.

చక్కెర ఎంతుందో కనుక్కోవడానికి ఒక పద్ధతి ఉంది, చాలామందికి తెలియదు. 2023 డిసెంబరు 8 తర్వాత తయారై యూరోపియన్ యూనియన్‌లో అమ్మే వైన్‌కు పోషక వివరాలు తప్పనిసరి. శక్తి ఎంతో లేబుల్ మీదే ఉంటుంది, మిగతావి ఎక్కువగా క్యూఆర్ కోడ్ వెనక ఉంటాయి. ఫోన్‌తో స్కాన్ చేసి ‘చక్కెరలు’ అన్న వరస చూడండి. అది 100 మిల్లీలీటర్లకు ఇచ్చిన లెక్క. పదితో హెచ్చిస్తే లీటరుకు ఎంతో వస్తుంది. 0.5 లోపు ఉంటే డ్రై వైన్, తీపి తెలియదు. 0.8 దగ్గర మెత్తదనం తెలుస్తుంది. 1.2 దాటితే మీరు తీపి ఎరుపు వైన్ కొంటున్నారు. జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో ఉంటున్న మనవాళ్లకు షాపులోనే నిలబడి చేయగలిగిన పరీక్ష ఇది. అమెరికాకో ఇండియాకో వచ్చే సీసాల మీద ఆ కోడ్ ఉండకపోవచ్చు, అప్పుడు ఉత్పత్తిదారుడి సాంకేతిక పత్రమే దిక్కు.

ఆల్కహాల్ అంకె గురించి కూడా ఒక మాట. యూరప్ లేబుల్ మీద పూర్తి లేదా అర శాతాలే రాస్తారు, అర శాతం అటూఇటూ తేడా ఉండొచ్చు. 14.5 అని చూసిన వైన్ నిజానికి 14 కావచ్చు, 15 కావచ్చు. అందుకే 14కూ 14.5కూ మధ్య ఎంచుకోవడంలో అర్థం లేదు. 15 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు 18 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. మన దేశంలో డ్రైవింగ్ పరిమితి రక్తం 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు. చాలామందికి ఆ ఒక్క గ్లాసే గీత దాటిస్తుంది.

వెనక లేబుల్ మీద ‘ఇంబొతిల్యాతో అల్‌ఒరిజినె’ అని ఉంటే పండించినవాళ్లే సీసాల్లో నింపారని. ఏదో ఒక కంపెనీ పేరు, దాని పక్కన ఉత్తర ఇటలీ ఊరి పేరు ఉంటే కొని నింపిన సరుకని. రెండోది చెడ్డదని కాదు, కానీ దానికి తోట కథ చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి.

నాలుగో సీసా: నెగ్రోఅమారో

సలెంతో అసలు దినుసు ప్రిమిటివో కాదు, నెగ్రోఅమారో అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో బలముంది. ఇది నిదానస్తురాలు. ప్రిమిటివో కోతైపోయాక సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో పండుతుంది. తొక్క మందం. ఎండలోనూ పులుపు నిలబెట్టుకుంటుంది. పేరు వినగానే ఇటలీవాళ్లకు నలుపు, చేదు అని అర్థమవుతుంది, రుచిలో ఆ చేదు నిజంగానే ఉంటుంది, కాకరకాయంత కాదు, మెంతిగింజంత. సాలిచె సలెంతీనో డీఓసీ 1976 నాటిది, అందులో ఎరుపుకు కనీసం 75 శాతం నెగ్రోఅమారో, సాధారణంగా తోడుగా నల్ల మల్వాసియా. 13, 13.5 శాతం ఆల్కహాల్‌తో దొరుకుతుంది, ధర మందూరియాకంటే తరచూ తక్కువ. మీకు ప్రిమిటివో బరువనిపించి, సలెంతో ఎండ మాత్రం కావాలనిపిస్తే దీన్నే కొనండి.

అంతకంటే ముఖ్యం, దీంతో చేసే రోజా రంగు వైన్, రొసాతో. ఇటలీలో సీసాలో నింపి అమ్మిన తొలి రొసాతోగా పేరుపడ్డ ‘ఫైవ్ రోజెస్’ ఇక్కడిదే, నెగ్రోఅమారోతో చేసిందే, యుద్ధకాలంలో 1943లో వచ్చింది.

పుల్యా ఉత్తరాన నేరో ది త్రోయా అనే ఇంకో ఎర్ర ద్రాక్ష ఉంది. వగరు కావాలనుకునేవాళ్లు కస్తెల్ దెల్ మోంతె పేరుతో దాన్ని వెతకొచ్చు.

జిన్‌ఫాండెల్ ఇదేనా?

ఇదే. 1967లో బారి దగ్గర ప్రిమిటివో చూసిన అమెరికా శాస్త్రవేత్త ఆస్టిన్ గొహీన్‌కు కాలిఫోర్నియాలో పండే జిన్‌ఫాండెల్ ద్రాక్ష గుర్తొచ్చింది. 1990ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో కరోల్ మెరెడిత్ డీఎన్‌ఏ పరీక్షలతో రెండూ ఒకటేనని తేల్చింది. 2001లో క్రొయేషియా తీరంలోని కాస్తెల్ దగ్గర దొరికిన పాత తీగ కూడా అదేనని రుజువైంది. అంటే ఏడ్రియాటిక్ దాటి ఇటలీకి వచ్చిన మొక్క ఇది.

ద్రాక్ష ఒకటే అయినా సీసా ఒకటి కాదు. కాలిఫోర్నియాలో గుత్తులు పెద్దవి, గింజలు ఒకేసారి పండవు. పచ్చి గింజ, పండు గింజ, ఎండు గింజ ఒకే గుత్తిలో ఉంటాయి. కాబట్టి అక్కడి వైన్‌లో బెర్రీ పళ్ల ఘాటు ఎక్కువ, ఆల్కహాల్ తరచూ 15 దాటుతుంది. బే ఏరియాలో ఉన్నవాళ్లకు సుమారు రెండు గంటల దూరంలో లోడై ఉంది, మందూరియాకు బంధువు లాంటి ఊరు, ఇసుక నేల, పాత పొట్టి చెట్లు. పుల్యా సీసా కోసం దిగుమతి ధర పెట్టడంకంటే అక్కడికి వెళ్లడమే నయం. తీపి గులాబీ రంగు వైట్ జిన్‌ఫాండెల్‌ను మాత్రం దీంతో కలపొద్దు. 1975లో సటర్ హోమ్‌లో ఒక తొట్టి పులియడం మధ్యలో ఆగిపోయి, అది బాగా అమ్ముడుపోయి పుట్టిన సరుకది. ప్రిమిటివో స్వభావం తెలిసినవాళ్లకు ఆ ప్రమాదం వింత అనిపించదు.

ఇండియాలో నాసిక్‌లో సులా జిన్‌ఫాండెల్ చేస్తోంది. హైదరాబాద్‌లో సుంకాలతో కలిపి దిగుమతి సీసా ధర అసలుకు కొన్ని రెట్లవుతుంది కాబట్టి, ఈ ద్రాక్ష మీకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి ముందు అదే కొనడం తెలివైన పని.

మన వంటతో

అక్కడివాళ్లు దీన్ని దేంతో తాగుతారో చూస్తే సగం దారి తెలుస్తుంది: నిప్పుల మీద కాల్చిన గొర్రె మాంసం, లోపల జున్ను (చీజ్) పెట్టి చుట్టిన పంది మాంసపు ‘బొంబెత్తె’, టమాటా మాంసపు కూరతో ఒరెక్కియెత్తె పాస్తా. కొవ్వు ఉంది, ఉప్పు ఉంది, కారం లేదు.

మన ఇబ్బంది అక్కడే. మిరపలోని మంటను పసిగట్టే నాడులనే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. 15 శాతం వైన్, గుంటూరు మిరపకాయ కలిస్తే రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. వగరు ఎక్కువుంటే ఇంకా గరుగ్గా తగులుతుంది. కాబట్టి నాటుకోడి పులుసు, కారం దట్టించిన మటన్ వేపుడు ఉన్న రోజు జోయా రిసెర్వా తెరవడం డబ్బు దండగ. విచిత్రం ఏమిటంటే, పైన మేం వెక్కిరించిన కాస్త తీపి సలెంతో, 14 డిగ్రీలకు చల్లబరిస్తే, ఆ భోజనంతో కుదురుగా పోతుంది, తీపి కారాన్ని తగ్గిస్తుంది. ఇంకా బాగా కుదిరేది నెగ్రోఅమారో రొసాతో. చల్లగా, పుల్లగా, తక్కువ ఆల్కహాల్‌తో ఉంటుంది. గోంగూర మాంసానికి కూడా అదే. గోంగూర పులుపు ముందు మందూరియా చప్పగా, తీపి నీళ్లలా తేలిపోతుంది.

మిరియాలు, మసాలా ఎక్కువ, మిరప తక్కువ ఉండే వంటలే జోయాకు సరైన చోటు: మిరియాల మాంసం, దమ్ బిర్యానీ, జీడిపప్పు, నువ్వులతో చేసిన గుత్తివంకాయ, పాయా. మందూరియాకు ముదురు జున్ను, వేయించిన బాదం, ఖర్జూరం చాలు. దోల్చె నతురాలే పక్కన అరిసెలు పెట్టొద్దు, తినేది తాగేదానికంటే తియ్యగా ఉంటే వైన్ పుల్లగా మారిపోతుంది. డెబ్భై శాతం డార్క్ చాక్లెట్ పెట్టండి. ఆవకాయతో ఏ ప్రిమిటివో వద్దు.

ఇంటికి తెచ్చాక

ఎరుపు వైన్ గది వేడిమికి తాగాలన్న మాట చలిదేశాల గదులకు చెప్పింది. మే నెలలో విజయవాడ గది 34 డిగ్రీలుంటుంది, ఆ వేడిలో ప్రిమిటివో దగ్గు మందులా ఉంటుంది. మందూరియా, జోయా రెండూ 16 నుంచి 18 డిగ్రీల దగ్గర బాగుంటాయి. గది వేడి నుంచి అక్కడికి రావాలంటే ఫ్రిజ్‌లో గంట నుంచి గంటన్నర. తొందరైతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు వేసి పది, పన్నెండు నిమిషాలు. ఉత్త ఐసులో పెడితే సీసాకు ఆనే చోటు తక్కువ, ఆలస్యమవుతుంది, నీళ్లు తప్పనిసరి.

కొనేటప్పుడు బిరడా తొడుగు మీద వేలు పెట్టి చూడండి. లోపలి బిరడా పైకి ఉబికి ఉన్నా, మెడ దగ్గర జిగట కారిన మరక ఉన్నా, ఆ సీసా ఎక్కడో ఎండలో ఉడికింది. షాపు కిటికీ పక్కన లైటు కింద నిలబెట్టిన సీసా కూడా వద్దు. ఈ ద్రాక్షకు ముందే ఉడికిన పండు వాసన ఉంటుంది కాబట్టి పాడైందో లేదో మొదటి గుక్కకు తెలియదు. రంగు అంచున ఇటుక రంగు తిరిగి, ఎండుద్రాక్ష, సోయాసాస్ వాసనే మిగిలితే, అదీ రెండు మూడేళ్ల వైన్‌లో అయితే, వేడి దెబ్బే.

చిన్న జోయాను జగ్గులో వంపి గంట ఉంచితే బిర్రు తగ్గుతుంది. మందూరియాకు గ్లాసులో ఇరవై నిమిషాలు చాలు, ఎక్కువసేపు ఉంచితే ఆల్కహాలే ముందుకొస్తుంది. గ్లాసులో మూడో వంతుకు మించి పోయొద్దు, 100 నుంచి 120 మిల్లీలీటర్లు. మిగిలిన సీసాకు బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలువుగా పెడితే జోయా మూడు నాలుగు రోజులు, మందూరియా రెండు మూడు రోజులు, రొసాతో రెండు రోజులు, దోల్చె నతురాలే వారం పైనే ఉంటుంది. తాగే అరగంట ముందు బయట పెట్టండి. విజయవాడ మే నెలలో అయితే పావుగంటే.